వేలంవెర్రిలో పాత ట్రంపెట్: ధర ఎక్కడ దాగి ఉంటుంది?

“చాలా పాతది. తాతగారి వస్తువుల్లో దొరికింది. మాకు వాయించడం రాదు కాబట్టి పరీక్షించలేదు. ఫొటోల్లో ఏది కనిపిస్తే అదే వస్తుంది.”

అమెరికాలోని ఆన్‌లైన్ వేలం సైట్లలో పాత ట్రంపెట్ల కోసం ఒక సాయంత్రం వెతికితే, మాటలు అటూ ఇటూగా, ఈ నాలుగు వాక్యాలే పది చోట్ల ఎదురవుతాయి. మొదటి రెండూ చదవగానే కొనేవాడి మనసు ఊరుకోదు. తాతగారు, అటక, దుమ్ము పట్టిన పెట్టె, అందులో ఎవరికీ తెలియని నిధి! కానీ ధరను తేల్చేవి చివరి రెండు వాక్యాలు. ‘పరీక్షించలేదు’ అన్న ఒక్క మాటకు పాత ట్రంపెట్ ధర సగానికి సగం పడిపోవచ్చు. ‘చాలా పాతది’ అన్న మాటకు పైసా కూడా పెరగకపోవచ్చు.

వయొలిన్ సంగతి వేరు. మూడు వందల ఏళ్ల నాటి ఇటాలియన్ వయొలిన్లకు కోట్లు పలుకుతాయి. ఆ పేరు పాత వాయిద్యాలన్నిటికీ అంటుకుంది. ఇత్తడికి ఆ యోగం లేదు. ట్రంపెట్‌లో వేళ్లతో నొక్కే మూడు వాల్వులు ఉంటాయి. సాధన చేసేవాడి చేతిలో అవి రోజుకు వేలసార్లు పైకీ కిందికీ ఆడతాయి, ఆడినకొద్దీ అరుగుతాయి. ఊపిరిలోని తేమ, ఉమ్మి, తిన్న తిండి తాలూకు పులుపు, అన్నీ గొట్టం లోపలి లోహాన్ని నెమ్మదిగా తింటాయి. ఒక రకంగా ఇది కుట్టుమిషను లాంటిది. అమ్మమ్మ కాలం నాటి మిషనుకు ఇవాళ ధర వచ్చేది అది ఇంకా తిన్నగా కుడుతుంటేనే.

అందుకే నూరేళ్లు దాటిన బాకాలు కొన్ని వంద డాలర్లకే దొరుకుతుంటే, 1950ల నాటివి కొన్ని రెండు వేలు దాటుతాయి. మరీ పాతవాటిలో ఇంకో చిక్కు కూడా ఉంది. 20వ శతాబ్దం మొదట్లో అమెరికన్ బ్యాండ్లలో రెండు శ్రుతులు నడిచేవి. ఇప్పుడు అందరూ వాడే 440 హెర్ట్జ్‌ను ‘లో పిచ్’ అనేవారు, దానికన్నా బాగా పైన, దాదాపు 457 దగ్గర ఉండేదాన్ని ‘హై పిచ్’ అనేవారు. కొన్ని వాయిద్యాలకు రెండు శ్రుతులకూ వేరువేరు స్లైడ్లు, అంటే లోపలికీ బయటికీ జరిపే వంపు గొట్టాలు, ఇచ్చేవారు. వందేళ్లలో ఆ రెండో స్లైడు ఎక్కడో పోయి ఉంటుంది. హై పిచ్ స్లైడు మాత్రమే మిగిలిన బాకా ఎంత మెరిసినా ఇవాళ్టి పియానోతో కలవదు. గోడకు తగిలించుకోవచ్చు, లేదా అమెరికాలో కొందరు చేసినట్టు టేబుల్ ల్యాంపుగా మార్చుకోవచ్చు. దాని ధర ఆ ల్యాంపు ధరే.

కాబట్టి లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. అదే మోడల్, శుభ్రం చేసి, వాల్వులు సరిగా ఆడుతూ, ఇవాళే వాయించడానికి సిద్ధంగా ఉంటే ఎంతకు అమ్ముడవుతుంది? అందులోంచి రిపేరు ఖర్చు తీసేయాలి, రవాణా తీసేయాలి, ఫొటోల్లో కనిపించని వాటి కోసం ఇంకొంత తీసేయాలి. మిగిలింది వేలంలో పాడదగ్గ ధర. వినడానికి చాలా సులువు. కష్టమంతా ‘అదే మోడల్’ అన్న మాట దగ్గర మొదలవుతుంది.

ట్రంపెట్ల తయారీదారు విన్సెంట్ బాక్ సంగతి చూద్దాం. 1890లో వియన్నా దగ్గరి బాడెన్‌లో పుట్టాడు. ఇంజనీరింగ్ చదివి, ట్రంపెట్ వాయించి, 1914లో అమెరికా చేరాడు. 1918లో న్యూయార్క్‌లో మౌత్‌పీసుల, అంటే పెదవులకు ఆనించి ఊదే ముక్కల, తయారీ మొదలుపెట్టాడు, 1920ల మధ్యలో ట్రంపెట్లు చేయడానికి దిగాడు. తన పై తరగతి ట్రంపెట్‌కు ‘స్ట్రాడివేరియస్’ అని పేరు పెట్టుకున్నాడు. ఆ పాత ఇటాలియన్ వయొలిన్ల స్ట్రాడివేరియస్‌కూ దీనికీ ఎలాంటి చుట్టరికమూ లేదు, మంచి పేరు కదా అని వాడుకున్నాడంతే. వందేళ్ల తర్వాత కూడా వేలం సైట్లలో ఆ పేరు పని చేస్తూనే ఉంది. అటక మీద ‘స్ట్రాడివేరియస్’ దొరికిందని ఐదంకెల ధర పెట్టి కూర్చునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు.

బాక్ ట్రంపెట్ల ధరలో ఊరి పేరుకు పెద్ద పాత్ర ఉంది. మొదట న్యూయార్క్ నగరంలో, తర్వాత అక్కడి బ్రాంక్స్‌లో, 1953 నుంచి మౌంట్ వెర్నన్‌లో తయారయ్యాయి. 1961లో బాక్ తన కంపెనీని సెల్మర్ అనే వాయిద్యాల కంపెనీకి అమ్మేశాడు, 1960ల మధ్యలో తయారీ ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్‌కు మారింది. బ్రాంక్స్, మౌంట్ వెర్నన్ ట్రంపెట్లంటే ప్రొఫెషనల్ వాయిద్యకారులు పడి చస్తారు. ఎల్క్‌హార్ట్ తొలి ఏళ్లవాటికి కూడా మంచి గిరాకీ ఉంది, ఆ తర్వాతివాటికి మామూలు సెకండ్ హ్యాండ్ ధర. ఏది ఏ ఊరిదో బెల్ మీద, అంటే ముందు గరాటులా విచ్చుకున్న భాగం మీద, చెక్కిన అక్షరాలే చెబుతాయి. ‘న్యూయార్క్ 67’ అని ఉంటే అది బ్రాంక్స్ కాలానిది, ఆ 67 అప్పటి పోస్టల్ జోన్ నంబరు. 46514 అన్న ఐదంకెల జిప్ కోడ్ ఉంటే ఎల్క్‌హార్ట్. జిప్ కోడ్లు అమెరికాలో 1963లో గానీ రాలేదు కాబట్టి, బెల్ మీద ఆ నంబరు కనిపిస్తుంటే లిస్టింగులో ‘1950ల నాటిది’ అన్న మాటను పట్టించుకోనక్కర్లేదు. అమ్మేవాడు అబద్ధమాడాడని కాదు, చాలాసార్లు వాళ్లకీ తెలియదు.

ఇంకో మెలిక ఉంది. బాక్ కంపెనీయే మెర్క్యురీ, మినర్వా, మెర్సిడెస్ లాంటి పేర్లతో కింది తరగతి ట్రంపెట్లు కూడా చేసింది. వాటి మీదా బాక్ పేరు ఉంటుంది, మౌంట్ వెర్నన్ అనీ ఉండొచ్చు. ధర మాత్రం స్ట్రాడివేరియస్‌కు ఆమడ దూరం. బ్రాండ్ ఒకటే అయినంత మాత్రాన ధర ఒకటి కాదని ట్రంపెట్ బజారులో కొత్తగా అడుగుపెట్టినవాళ్లు డబ్బు పోగొట్టుకుని గానీ నేర్చుకోరు.

ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో ఉండిన హెచ్.ఎన్. వైట్ కంపెనీ విషయంలో తికమక మరీ తమాషాగా ఉంటుంది. వాళ్ల పై తరగతి ట్రంపెట్ పేరు కింగ్. స్కూలు పిల్లల కోసం చేసిన చవక మోడల్ పేరు క్లీవ్‌లాండ్. ఊరి పేరూ క్లీవ్‌లాండే కాబట్టి కింగ్ బెల్ మీదా ఆ మాట ఉంటుంది. చవకదాన్ని ‘కింగ్ క్లీవ్‌లాండ్’ అని రాసి కింగ్ ధర అడిగేవాళ్లూ ఉంటారు, అసలు కింగ్‌ను క్లీవ్‌లాండ్ అనుకుని చవకగా ఇచ్చేసేవాళ్లూ ఉంటారు. రెండోరకం లిస్టింగుల కోసమే కొందరు రాత్రిళ్లు మేలుకుని వెతుకుతుంటారు. అదే కంపెనీ సూపర్ 20 సిల్వర్ సోనిక్‌కు బెల్ నిజంగానే స్టెర్లింగ్ వెండిది, ఆ విషయం బెల్ మీదే చెక్కి ఉంటుంది. పైన వెండి పూత పూసిన ఇత్తడి బెల్‌ను కూడా ‘సిల్వర్ బెల్’ అని రాసేస్తుంటారు. ఆ ఒక్క మాట తేడాలో వందల డాలర్లు ఉన్నాయి.

జాజ్ ప్రియుల కళ్లన్నీ మార్టిన్ కమిటీ మీద ఉంటాయి. ఎల్క్‌హార్ట్‌లోని మార్టిన్ కంపెనీ 1940 ప్రాంతాల్లో తెచ్చిన మోడల్ ఇది. మైల్స్ డేవిస్, చెట్ బేకర్, లీ మోర్గాన్ వాయించింది దీన్నే. ఆ మెత్తటి, కాస్త పొగమంచు పట్టినట్టుండే నాదం కోసం 1940లు, 50ల నాటి కమిటీలకు ఇప్పటికీ మంచి ధర పలుకుతుంది. కంపెనీ 1960లలో చేతులు మారింది, ఆ తర్వాత మళ్లీ మారింది, పేరు మాత్రం అలాగే కొనసాగింది. తర్వాతివాటికి ఆ పాత గిరాకీ లేదు. సీరియల్ నంబరు చూసి ఏ ఏడాదిదో పట్టికల్లో వెతకొచ్చు. ట్రంపెట్లలో ఆ నంబరు చాలావరకు రెండో వాల్వు గొట్టం మీద ఉంటుంది. లిస్టింగులో పాతిక ఫొటోలుండి, రెండో వాల్వు దగ్గరి ఫొటో ఒక్కటీ లేకపోతే అడగాలి. అడిగినా పంపకపోతే ఆ మౌనమే సమాధానం.

ఇక సామాన్యుల ట్రంపెట్ ఓల్డ్స్ అంబాసిడర్. మన అంబాసిడర్ కారుకు దీనికీ ఏ సంబంధమూ లేదు గానీ, స్వభావంలో రెండూ అన్నదమ్ములే. మొండిది, బరువుగా ఉంటుంది, ఎన్ని సొట్టలు పడినా పని చేస్తుంది. ఓల్డ్స్ కంపెనీ మొదట లాస్ ఏంజెలెస్‌లో, 1950ల మధ్య నుంచి కాలిఫోర్నియాలోనే ఫుల్లర్టన్‌లో ఉండేది. 1979లో మూతపడింది. అమెరికా స్కూళ్ల కోసం అంబాసిడర్లను కుప్పలుతెప్పలుగా చేసింది. స్కూలు మోడలే అయినా పనితనం గట్టిది, ఇవాళ్టి చవక కొత్త ట్రంపెట్ల కన్నా ఎన్నో రెట్లు నయం. ఇది ‘అరుదైనది’ అని రాసిన లిస్టింగును నవ్వుకుని వదిలేయొచ్చు, ఏ వారం వెతికినా బోలెడు దొరుకుతాయి. బాగా ఆడే అంబాసిడర్‌కు మామూలుగా రెండు మూడు వందల డాలర్ల చుట్టూ ధర ఉంటుంది. అంటే దానికి పెద్ద రిపేరు వస్తే హైదరాబాదు సామెత గుర్తొస్తుంది: చారాణా కోడికి బారాణా మసాలా. వాల్వులు అరిగిపోయిన మార్టిన్ కమిటీని నాలుగైదు వందలు పెట్టి బాగు చేయించడంలో అర్థముంది. అంబాసిడర్‌కు అదే పని చేయిస్తే, బాగైన అంబాసిడర్‌ను ఇంకోటి కొనుక్కునేంత ఖర్చు.

ఈ వాల్వుల మాట కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ట్రంపెట్ ప్రాణం అక్కడే ఉంది, ఫొటోల్లో కనిపించనిదీ అదే. వాల్వుకూ దాని గొట్టానికీ మధ్య ఖాళీ అంగుళంలో వెయ్యో వంతు స్థాయిలో ఉండాలి. అరిగి ఆ ఖాళీ పెరిగితే గాలి లీకవుతుంది, స్వరం పల్చబడుతుంది, పై స్థాయి స్వరాలు జారిపోతాయి. బాగు చేయాలంటే వాల్వులకు లోహపు పూత వేసి, గొట్టానికి సరిపోయేలా మళ్లీ సానబట్టాలి. అది చేయగల షాపులు కొన్నే ఉన్నాయి, ఖర్చు వందల డాలర్లలోనే.

అయితే వాయించడం రాని మనిషి కూడా చేయగల పరీక్ష ఒకటుంది. వాల్వును నొక్కకుండా దాని స్లైడును, అంటే పక్కకు పొడుచుకొచ్చిన చిన్న వంపు గొట్టాన్ని, మెల్లగా బయటికి లాగాలి. వాల్వు బిగువుగా ఉంటే లోపల గాలి చొరబడలేక స్లైడు చివర్లో ‘టప్’మని శబ్దం చేస్తూ ఊడుతుంది, సోడాసీసా మూత తీసినట్టు. అరిగిపోయిన వాల్వు అయితే చప్పుడు లేకుండా జారి వచ్చేస్తుంది. ‘పరీక్షించలేదు’ అన్న అమ్మకందారుకు మర్యాదగా ఒక సందేశం పెట్టి, ఈ పని చేసి చిన్న వీడియో పంపమనొచ్చు. పంపితే వేలంలో మిగతావాళ్లకు తెలియని సంగతి ఒకటి తెలిసినట్టే. స్లైడు అసలు కదల్లేదని జవాబొస్తే అదీ సమాచారమే: లోపల చిలుము పట్టి బిగుసుకుపోయింది, తీయడానికి షాపుకు డబ్బులు కట్టాలి.

ఫొటోల్లో కనిపించే జబ్బులు వేరే ఉన్నాయి. వాటిలో మొండిదాన్ని వాయిద్యకారులు రెడ్ రాట్ అంటారు. మన ఇళ్లలో ఇత్తడి బిందెను చింతపండులో ఎక్కువసేపు నానబెట్టి తోమితే పసుపు రంగు పోయి గులాబి ఛాయ తేలడం చూసే ఉంటారు. ఇత్తడిలో సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింక్. పులుపు తగిలితే ముందు పోయేది జింక్, మిగిలేది రాగి. బిందె మీద అది పైపైన ఆగిపోతుంది, గట్టిగా తోమితే పోతుంది. ట్రంపెట్‌లో మౌత్‌పీసు తర్వాత వచ్చే మొదటి గొట్టం, లీడ్‌పైప్, ఏళ్ల తరబడి లోపల ఉమ్మితో తడుస్తుంది. జింక్ కరిగిపోయిన చోట రాగి స్పాంజిలా గుల్లబారుతుంది. లోపల మొదలై బయటికి వస్తుంది కాబట్టి, బయట కనిపించేసరికి పని అయిపోయినట్టే. చూడటానికి గులాబి రంగు మచ్చ, దాని నడుమ ముదురు చుక్క ఉంటాయి. పూత ఊడిన చోట ఇత్తడి మామూలుగా ముదురు గోధుమ రంగుకు తిరగడం వేరు, దానివల్ల ఏ నష్టమూ లేదు. రెడ్ రాట్ వచ్చిన లీడ్‌పైప్‌ను మార్చాల్సిందే. మార్చితే మళ్లీ బాగానే వాయించుకోవచ్చు, కానీ పాత మార్టిన్ కోసం వెతికే వాళ్లలో చాలామందికి కావలసింది ఆ అసలు గొట్టమే. ఖర్చూ పెరుగుతుంది, ధరా తగ్గుతుంది.

లాకర్ పూత గురించి కూడా చెప్పాలి. లాకరంటే బ్యాంకులో బంగారం పెట్టేది కాదు, ఇత్తడి నల్లబడకుండా పైన వేసే పారదర్శకమైన వార్నిష్. డెబ్బై ఏళ్లు వాడిన ట్రంపెట్‌కు చేయి పట్టే చోట, వాల్వుల చుట్టూ ఆ పూత చెదిరి పోయి ఉండటం సహజం. దాన్ని చూసి భయపడనక్కర్లేదు. భయపడాల్సింది అద్దంలా తళతళలాడేదాన్ని చూసి. అంత మెరుపు రావాలంటే పాత పూతంతా మెషీన్ మీద రుద్ది తీసేసి, కొత్తది వేసి ఉండాలి. ఆ రుద్దుడుకు ఎంతో కొంత ఇత్తడి కూడా పోతుంది. పట్టుకోవడం సులువే: బెల్ మీద చెక్కిన అక్షరాల అంచులు పదునుగా లేకుండా, పాత నాణెం మీద బొమ్మలా అరిగి కనిపిస్తాయి, సీరియల్ నంబరు మసకబారుతుంది. అమ్మేవాడు దీన్ని ‘అందంగా పునరుద్ధరించినది’ అని రాసి ధర పెంచుతాడు. తెలిసినవాడు అదే కారణానికి తగ్గిస్తాడు. పాత పూత సగం పోయి మిగిలిన సగం అలాగే ఉన్న ట్రంపెట్‌కే వాళ్ల దగ్గర ఎక్కువ విలువ. నల్లబడిన వెండి పూత విషయంలో అయితే ఏ బెంగా అక్కర్లేదు, గుడ్డ పెట్టి తుడిస్తే పోతుంది. చాలామంది ఆ నలుపు చూసి పక్కకు తప్పుకుంటారు, ధర కూడా దిగి ఉంటుంది. వేలంలో కలిసొచ్చే చోట్లు ఇలాంటివే.

సొట్టల్లో బెల్ అంచు వంగడం చవక రిపేరు. వంపు తిరిగే గొట్టాల మీద పడ్డ సొట్ట కాస్త ఖర్చు. వాల్వు గొట్టం మీద సొట్ట పడితే మాత్రం ఆ లిస్టింగును మూసేయడమే మంచిది. మౌత్‌పీసు ఇరుక్కుపోయి ఉంటే దాన్ని తీసే చిన్న పరికరం ఏ వాయిద్యాల షాపులోనైనా ఉంటుంది. ఎవరో అంతకుముందే పటకారతో తిప్పి చూసిన గీతలు ఉంటేనే ప్రమాదం, ఆ బలానికి లీడ్‌పైప్ మెలితిరిగి, అతుకులు ఊడి ఉండొచ్చు. మూతలు, స్క్రూలు లాంటి చిల్లర సామాను పోయి ఉంటే తేలిగ్గా తీసుకోకూడదు. మూతపడిన కంపెనీ వాల్వు మూతకు వేరే కంపెనీ మూత మర కలవదు. మరోవైపు, కేసు మూలలో పడి ఉన్న పాత మౌంట్ వెర్నన్ బాక్ మౌత్‌పీసు ఒక్కటే వంద డాలర్ల దరిదాపుల్లో పలకొచ్చు. అమ్మేవాడు దాని పేరు కూడా రాయడు. కేసు తెరిచిన ఫొటోను పెద్దది చేసి చూసేవాళ్లకే అది దక్కుతుంది.

ఇప్పుడు ‘అదే మోడల్ ఎంతకు అమ్ముడవుతుంది’ అన్న ప్రశ్నకు రావాలి. అడిగిన ధరకూ అమ్ముడైన ధరకూ సంబంధం లేదు. ఈబేలో ‘అమ్ముడైనవి’ అన్న ఫిల్టరు పెడితే దాదాపు మూడు నెలల అమ్మకాలు కనిపిస్తాయి. అక్కడా ఒక వల ఉంది. కొన్ని ధరల మీద అడ్డంగా గీత కొట్టి ఉంటుంది. అంటే అమ్మకందారు బేరానికి ఒప్పుకుని అంతకన్నా తక్కువకు ఇచ్చాడు, ఎంతకు ఇచ్చాడో ఆ పేజీ చెప్పదు. ఆ గీతను గమనించకుండా సగటు కట్టేవాడి లెక్క మొదటి నుంచే పైకి ఉంటుంది. అమ్ముడైన నాలుగు ట్రంపెట్ల ధరలు దొరికితే, ఆ నాలుగింటి ఫొటోలు కూడా చూడాలి. ఒకటి షాపువాడు బాగు చేసి, తిరిగి తీసుకుంటానని హామీ ఇచ్చి అమ్మింది, ఇంకోటి అటక సరుకు. రెండింటి సగటు ఎవరికీ పనికిరాని అంకె.

మన భాషలో ‘వేలంవెర్రి’ అనే మాట ఊరికే పుట్టలేదు. వేలంలో గెలిచేవాడెవరు? ఆ వస్తువును అందరికన్నా ఎక్కువగా ఊహించుకున్నవాడు. పదిమందిలో తొమ్మిదిమంది ‘వాల్వులు ఎలా ఉన్నాయో’ అని వెనకాడితే, ఒకడు ‘బాగానే ఉంటాయిలే’ అనుకుంటాడు. ట్రంపెట్ వాడికే వెళ్తుంది. 1971లో మెక్సికో సింధుశాఖ చమురు వేలాల మీద ముగ్గురు పెట్రోలియం ఇంజనీర్లు రాసిన వ్యాసంలో తేల్చింది ఇదే: గెలిచిన కంపెనీలు తరచూ నష్టపోయాయి, ఎందుకంటే అందరికన్నా ఎక్కువ అంచనా కట్టినందుకే అవి గెలిచాయి. దానికి ‘విజేత శాపం’ అని పేరొచ్చింది. సముద్రం అడుగున చమురు ఎంతుందో తెలియకపోవడానికీ, ఇత్తడి గొట్టంలో వాల్వు ఎలా ఉందో తెలియకపోవడానికీ పెద్ద తేడా లేదు.

ఈబేలో వేలం గడియారం చెప్పిన క్షణానికి ముగిసిపోతుంది. అందుకే అసలు పోటీ చివరి పది సెకన్లలో జరుగుతుంది. అమెజాన్ ఒకప్పుడు నడిపిన వేలాల్లో చివరి నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు దానంతటదే పెరిగేది, అక్కడ ఈ ఆఖరి క్షణపు పోటీ బాగా తక్కువగా ఉండేదని ఆర్థికవేత్తలు ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో చూపించారు. మూడు రోజుల ముందే పాడి, ఎవరో దాటేశారని మెయిల్ రాగానే పంతానికి పోయి పెంచుకుంటూ పోయేవాడు తన అంచనాను తానే మర్చిపోతాడు. లెక్కలో తేలిన అంకెను ఒక్కసారే, చివర్లో పెట్టేసి టెన్షన్ లేకుండా పడుకునేవాళ్లకు ఎక్కువసార్లు చేతికి ఏమీ రాదు. వచ్చినప్పుడు మాత్రం ఏడవాల్సిన పని ఉండదు.

ఈ లెక్కలన్నిటికీ లొంగని ధరలు కూడా ఉన్నాయి. 2019 అక్టోబరులో మైల్స్ డేవిస్ వాయించిన నీలిరంగు మార్టిన్ కమిటీ క్రిస్టీస్ వేలంలో 2,75,000 డాలర్లకు పోయింది. అది 1980 ప్రాంతంలో తయారైనది, అంటే మామూలుగా జనం అంతగా ఎగబడని తరం కమిటీయే. ఆ డబ్బు ట్రంపెట్‌కు కాదు, దాన్ని పట్టుకున్న చేతులకు. జాజ్ ట్రంపెట్ కళాకారుడు డిజ్జీ గిలెస్పీ సంగతి ఇంకా వింత. 1953లో ఒక పార్టీలో ఎవరో అతని ట్రంపెట్ మీద పడటంతో బెల్ పైకి వంగిపోయింది. వాయించి చూస్తే ఆ నాదం నచ్చి, తర్వాత అలాగే కావాలని చేయించుకున్నాడు. ఆయన వాయించిన వంపు మార్టిన్ ఒకటి 1995లో క్రిస్టీస్‌లో 63,000 డాలర్లు పలికింది. లిస్టింగులో బెల్ వంగిన ట్రంపెట్ కనబడితే ‘డిజ్జీ గిలెస్పీ తరహా’ అని రాసేవాళ్లకు హాస్యం ఎక్కువనుకోవాలి. ఎవరు వాయించారో కాగితాలు, ఫొటోలు, చేతులు మారిన క్రమం లేకపోతే ‘ఒక పేరున్న జాజ్ కళాకారుడిదట’ అన్న మాటకు విలువ సున్నా.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ బజారుతో పరిచయం మరో దారిన అవుతుంది. పిల్లవాడు ఆరో తరగతిలో స్కూలు బ్యాండ్‌లో చేరి ట్రంపెట్ కావాలంటాడు. షాపులో నెలనెలా అద్దె, కొత్తది కొంటే మంచి మోడల్ మూడు వేల డాలర్ల పైమాటే, సైట్లలో వంద డాలర్లకు ఎర్ర రంగులో, నీలి రంగులో మెరిసే పేరులేని కొత్తవి. ఆ పేరులేనివాటిని బ్యాండ్ టీచర్లు వద్దంటారు, రిపేరు షాపులు ముట్టుకోవు. వాయిద్యకారులు వాటిని ‘ట్రంపెట్ ఆకారంలో ఉన్న వస్తువు’ అని ఎగతాళి చేస్తారు. ఇలాంటి ఇంటికి పాత అంబాసిడర్ నిజంగా మంచి బేరం. ట్రంపెట్‌లాగే కనిపించే పొట్టి వాయిద్యం కార్నెట్ కాకుండా ట్రంపెట్టే కొంటున్నామని మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి, అమ్మేవాళ్లు రెండింటినీ తరచూ కలిపేస్తారు.

ఇండియాకు తెప్పించుకోవాలంటే లెక్క మారిపోతుంది. అంతర్జాతీయ రవాణా, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలిపితే చవక ట్రంపెట్ చవకగా మిగలదు. వాల్వు పూత లాంటి పెద్ద రిపేరు వస్తే మళ్లీ విదేశానికే పంపాలి. మార్టిన్, బాక్ స్థాయి వాటికి తప్ప ఆ శ్రమ కిట్టదు. మన పెళ్లి ఊరేగింపుల బ్యాండ్ మేళాల్లో కనిపించే బాకాలు ఎక్కువగా ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో తయారైనవి. వాటికి వాటి పని ఉంది. కానీ ఇలాంటి కొత్త ఇత్తడి బాకాలకే ‘యాంటిక్ ఫినిష్’ పులిమి, ఆన్‌లైన్‌లో బ్రిటిష్ కాలం నాటివని రాసే చోట జాగ్రత్తగా ఉండాలి. నల్లదనం అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండి, చేయి పట్టే చోట అరుగుదల లేకపోతే అది కాలం వేసిన రంగు కాదు.

పోస్టులో వచ్చేటప్పుడు విరిగేవి కూడా తక్కువేం కాదు. పాత కేసులో ట్రంపెట్ వదులుగా ఊగుతుంది, దానితోపాటు బరువైన మౌత్‌పీసు విడిగా పడి ఉంటే దారి పొడవునా బెల్‌ను కొడుతూనే ఉంటుంది. మౌత్‌పీసును విడిగా చుట్టమని, కేసు లోపల ఖాళీలో కాగితాలు కుక్కమని అడగడానికి మొహమాటపడకూడదు.

చివరిగా, ఒక లిస్టింగు ఇలా ఉందనుకుందాం: ఫుల్లర్టన్ ఓల్డ్స్ అంబాసిడర్, అసలు కేసు, తొమ్మిది ఫొటోలు. బెల్ మీద అక్షరాలు పదునుగా ఉన్నాయి, చేయి పట్టే చోట లాకర్ పోయింది, లీడ్‌పైప్ మీద గులాబి మచ్చలు లేవు. మౌత్‌పీసు ఇరుక్కుంది. రెండో స్లైడు కదలడం లేదని, మిగతా రెండూ ‘టప్’మన్నాయని అమ్మకందారు జవాబిచ్చాడు. బాగా ఆడే అంబాసిడర్‌కు 300 డాలర్లు అనుకుందాం. స్లైడు, మౌత్‌పీసు తీసి, లోపలంతా శుభ్రం చేయడానికి 120. రవాణా 40. రెండో వాల్వు సంగతి ఇంకా తెలియదు, దానికి 50. మిగిలింది 90. వేలం ముగియడానికి ఇంకా రెండు గంటలుంది, అప్పటికే ఆరుగురు పాడారు, ధర 112 దగ్గర ఉంది. కాబట్టి ఈ పేజీ మూసేసి, వచ్చే వారం ఇంకో అంబాసిడర్ కోసం వెతకాలి.